పది సెకన్లలో ఆరు లేన్లు దాటాలట!

మా దారిలోని హైవే జంక్షన్‌లో నడిచేవాళ్లకి పచ్చ లైటు వెలిగేది 10 సెకన్లే. ఒక్కో లేన్ మూడున్నర మీటర్లు, అలాంటివి 6, అంటే 21 మీటర్లు. సెకనుకి 1.2 మీటర్ల లెక్కన, మామూలు వేగంతో ఆగకుండా నడిచినా 17 సెకన్లు దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఏం చేయాలి, ఎగరాలా? మధ్యలో కాసేపు నిలబడటానికి చిన్న దిమ్మె కూడా లేదు. సైకిల్ లేన్ అయితే సరిగ్గా జంక్షన్ ముందే మాయం! జామ్ అవుతోందని ఆమధ్య రోడ్డు వెడల్పు చేశారు. కొన్నాళ్లు హాయి, మళ్లీ అదే హారన్ల గోల. పైగా దాటాల్సిన దూరం పెరిగింది. (కారులో ఉన్నప్పుడు నేనూ హారన్ కొడతాను, ఒప్పుకుంటా.) జంక్షన్‌లో బళ్లు తిరిగే మలుపు కాస్త ఇరుకు చేస్తే బళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి కదా. దానికి ఫ్లైఓవరంత ఖర్చు కూడా అవ్వదు.