అరిష్టం పిన్నమ్మకి, నిద్ర చిన్నాయనకి

నెల్లూరులో మగవాళ్ళకి జలుబు చేస్తే మూడు వీధులకి తెలుస్తుంది. ఆడవాళ్ళకి నెలసరిలో తేడా వస్తే మాత్రం పక్క మంచం మీద పడుకున్న మొగుడికి కూడా తెలియదు. తెలిసేదల్లా చుట్టుపక్కల ఆడవాళ్ళకే. వాళ్ళకి తెలిసిన నిమిషం నుంచి వైద్యం మొదలవుతుంది. ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

మా పిన్నమ్మకి 48 ఏళ్ళు. వేదాయపాళెంలో కాపురం. నెలసరి వస్తే వారం దాటినా ఆగకపోవడం, మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు తిరగడం. ఈ సంగతి మిద్దె మీద బట్టలారేస్తూ ఎదురింటి అక్క చెవిలో వేసింది. సాయంత్రం దీపాలు పెట్టేసరికి వరండాలో మెడికల్ బోర్డు కూర్చుంది.

అరటిపువ్వు ఉడికించి పెరుగులో కలుపుకుని తినమని ఎదురింటి అక్క. మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున్నే మింగమని పై వాటా ఆవిడ. మా జేజి శొంఠి కషాయం అనగానే, "శొంఠి వేడి గదమ్మా, ఇంకా ఎక్కువవుతుంది" అని పై వాటా ఆవిడ అడ్డం పడింది. నువ్వులుండల దగ్గర బోర్డు నిలువునా చీలింది. నువ్వులు బలమని ఒక పక్షం, నెలసరి రానివాళ్ళకి పెట్టేవి ఆగనివాళ్ళకి ఎట్టా పెడతారని రెండో పక్షం. ఏది వేడి, ఏది చలవ అన్న చర్చ రాత్రి అన్నాల వేళ దాకా సాగింది. ఈలోగా పళ్ళెంలో పెట్టిన నువ్వులుండలను రెండు పక్షాలూ కలిసే ఖాళీ చేశాయి.

"ఇవన్నీ ఎందుకు, శతావరి వాడండి. అదే మన పిల్లిపీచర గడ్డ. ఆడవాళ్ళకి అంతకంటే మంచి మందు లేదు, పాలు కూడా బాగా పడతాయి" అనింది వీధి చివరి టీచరమ్మ.

"మా చిన్నోడికి 24 ఏళ్ళు టీచరమ్మా. బెంగుళూరులో ఉద్యోగం. పాలెవరికి?" అనింది పిన్నమ్మ.

వీళ్ళని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మునగాకు పప్పు, రాగి సంకటి, ఉసిరికాయ పచ్చడి తినమన్న వాళ్ళూ అందులో ఉన్నారు. అవి ఎవరు తిన్నా మంచిదే. కానీ అంతమందిలో ఒక్కరూ "ఎన్నాళ్ళ నుంచి ఇట్టా? ఎంత పోతోంది?" అని అడగలేదు. అడిగితే ఆస్పత్రికి పొమ్మనాలి. అప్పుడు అరటిపువ్వు గతేం కాను?

చివరికి బోర్డు ఒక మాట మీదికి వచ్చింది: అశోకారిష్టం. అశోక చెట్టు బెరడు కషాయం కాచి, బెల్లం, ధాతకీ పూలు, ఇంకొన్ని దినుసులు వేసి, మూత బిగించి పులియబెట్టే మందు ఇది. నెలసరి ఎక్కువయ్యే వాళ్ళకి ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఇస్తున్నదే. బెల్లం పులిసినప్పుడు సారా దానంతటదే పుడుతుంది కాబట్టి, సీసా మీద చిన్న అక్షరాల్లో ఆల్కహాలు 5 నుంచి 10 శాతం అని వేస్తారు.

ఆ చిన్న అక్షరాలు పిన్నమ్మ చదవలేదు. చిన్నాయన చదివాడు.

చిన్నాయనకి బీపీ వచ్చినప్పటి నుంచి ఇంట్లో మద్యనిషేధం అమల్లో ఉంది. ఈ ప్రభుత్వం మారే ఆశ కూడా లేదు. అలాంటి మనిషి కళ్ళ ముందు, ఫ్రిజ్ పక్క అరలో, పసుపు కుంకాల డబ్బా వెనకాల, లైసెన్సు అక్కర్లేని సీసా వెలిసింది. పిన్నమ్మ చేదుకి మొహం చిట్లించి రెండు మూతలు తాగి మూత పెట్టేస్తే, మిగతా కోర్సు ఆయన పూర్తి చేస్తూ వచ్చాడు. సీసా వారానికే అడుగంటితే "మందు బాగా పనిచేస్తుండాదే, అందుకే తొందరగా అయిపోతుండాది" అని కొత్త సీసా తనే తెచ్చాడు. పెళ్ళాం ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉన్న మొగుణ్ణి మా వీధి అంతకుముందు చూడలేదు. ఎదురింటి అక్క తన భర్తకి ఆయన్ని చూపించి బుద్ధి కూడా చెప్పింది.

ఒకరోజు రాత్రి కరెంటు పోయి, పిన్నమ్మ టార్చి లైటు కోసం వంటింట్లోకి పోతే గుట్టు బయటపడింది. స్టీలు గ్లాసులో అరిష్టం, సీసా మీద రాసినట్టే సమానంగా నీళ్ళు, పక్కన చిన్న ప్లేటులో కారప్పూస.

"ఆడోళ్ళ మందు నీకెందుకయ్యా?"

"బెరడు, బెల్లమే గదమే. బలానికి."

తెల్లారేసరికి తీర్పు వచ్చింది. సీసాలు బంద్. బెరడు తెచ్చి పాలల్లో కాచుకుని తాగుతుంది. తెచ్చే పని దోషిదే.

చిన్నాయన పెద్దబజారులో మూలికల అంగడికి పోయి ధర అడిగి, చెక్కముక్కలకి అంత డబ్బా అని వెనక్కొచ్చాడు. మాకు దగ్గర్లోనే ఒక కల్యాణ మండపం ఉంది. దాని గోడ పొడవునా నిటారుగా, కొమ్మలు కిందికి వాల్చుకుని, బారుగా అశోక చెట్లు. ఊరికే దొరికేదాన్ని కొనేవాడు వెర్రివాడని ఆయన సిద్ధాంతం. తెల్లవారుజామున, వాకింగ్ అని చెప్పి, సంచిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి పెట్టుకుని బయల్దేరాడు.

రెండో చెట్టు దగ్గర వాచ్‌మన్ పట్టుకున్నాడు.

"ఏం చేస్తుండారు సార్?"

"మందుకి అబ్బయ్యా."

"మందుకి చెట్టెందుకు సార్? పది గంటలకి షాపు తెరుస్తారు గదా!"

మా చిన్నాయన జీవితంలో మొదటిసారి నిజాయితీగా మందు కోసం పోయిన రోజు అది. ఎవరూ నమ్మలేదు. వాచ్‌మన్‌కి టీ డబ్బులిచ్చి, సంచితో సహా బయటపడ్డాడు.

బెరడు మిద్దె మీద ఎండింది. రోట్లో నలిగింది. పాలల్లో ఉడుకుతుంటే వచ్చిన వాసనకి పై వాటా ఆవిడ కిటికీలు మూసుకుంది. గ్లాసులోకి వంచి, ముక్కు మూసుకుని పిన్నమ్మ నోటిదాకా తెచ్చుకునే వేళకి, వాకిట్లో మూలికలమ్మే అవ్వ కేక వినపడింది. ఉదయగిరి కొండల వైపు నుంచి అప్పుడప్పుడు వస్తుంటుంది. ఇంత తెలివైన పని చేశామని చూపించుకోవాలి కదా, చిన్నాయన మిగిలిన బెరడు చేటలో పోసి ఆమె ముందు పెట్టాడు.

అవ్వ ఒక ముక్క విరిచింది. పీచులు పీచులుగా సాగింది. వాసన చూసింది.

"ఇది యాడిది సామీ?"

"అశోక చెట్టుది."

"ఆ చెట్టుకి ఎర్ర పూలు గుత్తులు గుత్తులుగా కొమ్మల్ని అంటుకుని పూయంగా ఎప్పుడన్నా చూశావా?"

చూడలేదు. ఆ చెట్టుకి పూసేవి ఆకుల్లో కలిసిపోయే పచ్చటి పూలు, కాసేవి గబ్బిలాలు తిని కారు మీద ఉమ్మే నల్లటి కాయలు.

"ఇది నారమామిడి సామీ. నీడకి బాగుంటుంది."

ఈ మాట అవ్వ చెప్పిందని కాదు, వృక్షశాస్త్రమూ అదే అంటుంది. అసలు అశోకం చిక్కుడు కుటుంబానిది, పెద్ద ఎత్తు పెరగదు, గుబురుగా ఉంటుంది. బెరడు కోసం నరికీ నరికీ అడవుల్లో అది బాగా తగ్గిపోయింది. మన బడుల ముందూ, ఆఫీసుల ముందూ సిపాయిల్లా నిలబడేది సీతాఫలం కుటుంబానిది. సీతమ్మ కూర్చున్న చెట్టు అనుకుని మా చిన్నాయన సీతాఫలం చుట్టాన్ని చెక్కుకొచ్చాడన్నమాట. ఆయన ఒక్కడే కాదు, బజారులో అశోక బెరడు పేరుతో ఈ బెరడును కల్తీ చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు డబ్బు తీసుకుని చేసే పనిని ఈయన ఉచితంగా చేశాడు.

అవ్వ అంతటితో పోలేదు. పిన్నమ్మ గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, కంటి కింది రెప్ప లాగి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఉగాది నుంచి."

"నెత్తురు లేదు తల్లీ నీ ఒంట్లో. ఇది వేర్లతో అయ్యేది కాదు, ఆస్పత్రికి పో." బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. మెడికల్ బోర్డు మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. అదీ ఏమీ అమ్మకుండా.

ఆస్పత్రిలో రక్తపరీక్ష, స్కానింగ్. ఆడవాళ్ళకి 12 అయినా ఉండాల్సిన హిమోగ్లోబిన్ 8కి దిగింది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, క్యాన్సర్ లాంటివి కావు. ఈ వయసులో ఇంత రక్తం పోతుంటే ఇన్ని నెలలు ఊరుకోవడమేంటని డాక్టరమ్మ గట్టిగానే కోప్పడింది. ఐరన్ మాత్రలు రాసి, వాటిని టీతో వేసుకుంటే ఒంటికి పట్టవని, నిమ్మరసంతో వేసుకుని టీ తర్వాతెప్పుడో తాగమని చెప్పింది. గడ్డలున్నాయంటే చలించని పిన్నమ్మ, టీ దగ్గర మాత్రం మొహం వేలాడేసింది.

"ఇంతకుముందు ఏమేం వాడారో అన్నీ చెప్పండి. ఆకులు, వేర్లు ఏవైనా సరే, దాచకండి. కొన్ని మాత్రలతో పడవు" అనింది డాక్టరమ్మ.

పిన్నమ్మ అరటిపువ్వు నుంచి మొదలుపెట్టింది. డాక్టరమ్మ రాసుకుంటోంది.

"అశోకారిష్టం ఎన్నాళ్ళు తాగారు?"

"నేను తాగింది రెండు మూతలు. మిగతాదంతా ఈయన తాగినాడు."

డాక్టరమ్మ పెన్ను ఆపి చిన్నాయన వైపు తిరిగింది. "మీరా? ఏమన్నా తేడా కనిపించిందా?"

"నిద్ర బాగా పట్టిందమ్మా" అన్నాడు చిన్నాయన, ఎంతో వినయంగా.