కాగబెడితే పోయేవి కావివి

నిన్నటి నుంచి ఒకే మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. పంపినవాళ్లలో ఇద్దరు నాతో డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాళ్లే. "పీఫాస్ అని టెన్షన్ వద్దు. సీసాలో నీళ్లు ఊపండి, నురగ రాకపోతే లేనట్టే. టీడీఎస్ 150 లోపుంటే మంచినీళ్లే. అనుమానముంటే 20 నిమిషాలు కాగబెట్టండి, అన్నీ పోతాయి. శుద్ధి చేసిన మురుగునీటిలో ఏమీ మిగలదు. నదిలో నురగంతా సబ్బు కాదు." ఇదీ సంగతి. పీఫాస్ అంటే కార్బన్‌కు ఫ్లోరిన్ అతుక్కుని ఉండే, ఓ పట్టాన విరగని రసాయనాల గుంపు.

సీసా ఊపితే పీఫాస్ తెలియదు. ఆ గుంపులో ఒకటైన పీఎఫ్‌ఓఎస్‌కు అమెరికా 2024లో తాగునీటిలో పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు. అంత కొంచెం నురగ కట్టదు. ఇక టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, ఆ మీటరులో ఒక్క అంకె మారాలంటే లీటరుకు దాదాపు 10 లక్షల నానోగ్రాముల ఉప్పు కలవాలి. ఈ రెండూ వదిలేద్దాం.

నాకు ఒళ్లు మండింది కాగబెట్టే మాటకి. కార్బన్‌కీ ఫ్లోరిన్‌కీ మధ్య బంధం పొయ్యి మీది వేడికి తెగదు. ఆవిరైపోయేది నీళ్లే. లీటరు నీళ్లు ముప్పావు లీటరయ్యేదాకా కాగితే, ముందున్న పీఎఫ్‌ఓఎస్ అంతా ఆ ముప్పావు లీటరులోనే ఉంటుంది, అంటే ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్లతో పసిబిడ్డకు పాలు కలిపే తల్లికి ఏం చెప్తారు? 20 నిమిషాలు చాలలేదు, 40 నిమిషాలు పెట్టమంటారా? క్రిములు చావడానికి కాగబెట్టండి, అది మంచిదే. పీఫాస్ తగ్గాలంటే మాత్రం ఆర్‌ఓ గానీ, యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ గానీ కావాలి.

ఇక మురుగునీటి శుద్ధి కేంద్రంలో గాలి కొట్టే తొట్లలోని బ్యాక్టీరియా బట్టల సబ్బును చాలావరకు తినేస్తుంది. పీఎఫ్‌ఓఎస్‌ను తినలేదు. పైగా కొన్ని పెద్ద ఫ్లోరిన్ పదార్థాలు అక్కడే విరిగి పీఎఫ్‌ఓఎస్, పీఎఫ్‌ఓఏ (ఇదీ పీఫాసే)లుగా మారతాయి. అందుకే లోపలికి వచ్చే నీళ్లలో కన్నా బయటికి పోయే నీళ్లలో ఇవి ఎక్కువగా తేలిన సందర్భాలున్నాయి. ల్యాబుల్లో మామూలుగా చేసే మిథిలీన్ బ్లూ పరీక్ష కూడా డిటర్జెంట్లను మిల్లీగ్రాముల లెక్కలో పట్టేదే. పీఫాస్‌కు ఎల్‌సీ-ఎంఎస్ఎంఎస్ అనే, నానోగ్రాముల్లో కూడా పట్టే మిషన్ కావాలి. నమూనాను టెఫ్లాన్ మూత లేని ప్లాస్టిక్ సీసాలో పట్టి, పీఫాస్‌ను పట్టి ఉంచే చిన్న గొట్టం (కార్ట్‌రిడ్జ్) గుండా పోనిచ్చి చిక్కబరిచి, అప్పుడు ఆ మిషన్‌కు ఎక్కిస్తారు. కర్నూలు దగ్గర హంద్రీ నది తుంగభద్రలో కలిసే చోటుకు పైనా కిందా అలా నీళ్లు పట్టి చూడాలని నా కోరిక.

ఆ మెసేజ్‌లో నురగ గురించిన చివరి మాట మాత్రం నిజం. తొలి వరదకు కుళ్లిన ఆకూ అలమూ కొట్టుకొచ్చి కూడా నీళ్లు నురగ కడతాయి. హంద్రీ వంతెన మీద నిలబడి అదంతా సబ్బేనని నేనూ వాదించాను, అది తప్పు.

ఈ మెసేజ్ మళ్లీ పంపేవాళ్లు ముందు ఆ కాగబెట్టే లైను తీసేయండి.