నడిపించే యంత్రాలు సరే, మూత్రాశయం సంగతేంటి?

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి కాళ్లకు యంత్రం తగిలించుకుని నాలుగడుగులు వేసే వీడియో ఎప్పుడూ ఏదో ఒకటి ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. చూసినవాళ్లకు కళ్లు చెమరుస్తాయి. ఆ ఆనందాన్ని తప్పుపట్టను. కానీ పరిశోధన డబ్బూ, మేధావుల తెలివీ ఆ నాలుగడుగుల చుట్టూనే తిరగడం మాత్రం ముమ్మాటికీ తప్పు. గాయపడినవాళ్లు అడుగుతున్నది ఒకటి, వాళ్లకు అందుతున్నది ఇంకొకటి.

2004లో కిమ్ ఆండర్సన్ అనే పరిశోధకురాలు 681 మందిని నేరుగా అడిగారు. ఆమె కూడా వెన్నుపాము గాయంతో బతుకుతున్న మనిషే. ముందుగా ఏది తిరిగొస్తే మీ బతుకు బాగుపడుతుందన్నది ప్రశ్న. కాళ్లూ చేతులూ రెండూ పడిపోయినవాళ్లలో దాదాపు సగం మంది చేతులు కావాలన్నారు. కాళ్లు మాత్రమే పడిపోయినవాళ్లలో ఎక్కువమంది కోరింది లైంగిక సామర్థ్యం. మలమూత్రాల మీద అదుపు ఇద్దరికీ ముఖ్యమే. నడక ఏ జాబితాలోనూ మొదటి స్థానంలో లేదు.

అసలు ఈ రంగంలో ప్రాణాలు నిలబెట్టిన పని ఏదో చూడండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో చాలామంది రెండుమూడేళ్లు కూడా బతికేవారు కాదు. పడకపుండ్లూ, మూత్రంలో ఇన్ఫెక్షన్లూ చంపేసేవి. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ రాత్రనక పగలనక రెండు గంటలకోసారి రోగులను పక్కకు తిప్పించారు, మూత్రాశయాన్ని జాగ్రత్తగా చూసుకునేలా చేశారు, లేపి కూర్చోబెట్టి ఏదో ఒక పనిలో పెట్టారు. 1972లో అమెరికాలో మూత్రవ్యవస్థ జబ్బులు చూసే డాక్టరు (యూరాలజిస్టు) జాక్ లాపిడెస్ మరో మాట చెప్పారు. మూత్రం బయటికి తీసే గొట్టాన్ని, అంటే క్యాథెటర్‌ను, ఎప్పుడూ ఒంట్లోనే ఉంచక్కర్లేదు, ఆపరేషన్ థియేటర్‌లో పాటించేంత క్రిమిరహిత శుభ్రత కూడా అక్కర్లేదు. చేతులు శుభ్రంగా కడుక్కుని, సన్నని గొట్టాన్ని రోగి తనే లోపలికి పోనిచ్చి, మూత్రాశయాన్ని పూర్తిగా ఖాళీ చేసి గొట్టం తీసేయాలి. కొన్ని గంటలకోసారి మళ్లీ అదే. మూత్రం నిల్వ ఉండిపోయి, ఒత్తిడి పెరిగి కిడ్నీలు పాడయ్యే ప్రమాదం దీంతో తగ్గింది. అప్పట్లో చాలామంది డాక్టర్లు ముక్కున వేలేసుకున్నారు. ఒకప్పుడు వీళ్లను ఎక్కువగా బలితీసుకున్న కిడ్నీ వైఫల్యం ఇప్పుడు వెనక్కి తగ్గిందంటే ఇలాంటి పనుల చలవే. ఇవేవీ వీడియోల్లో కనిపించవు.

యంత్రాల వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. మెడ మీద చర్మానికి ఎలక్ట్రోడ్లు అతికించి కరెంటు పంపిస్తూ సాధన చేయించిన ఒక ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. 60 మందిలో 72 శాతం మందికి చేతుల బలం, పనితనం రెండూ మెరుగుపడ్డాయి. పోల్చడానికి వేరే బృందం లేదన్న లోటు ఉన్నా, ఇది మంచి వార్తే. అయితే అక్కడ యంత్రాన్ని వాడింది చేతుల కోసం. బాధితులు అడిగింది కూడా అదే.

నడక విషయంలో 2006 నాటి ట్రయల్‌ను మర్చిపోకూడదు. వెన్నుపాము దెబ్బతిన్న 146 మందిలో కొందరికి ఒంటి బరువు మోసే బెల్టు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడక నేర్పారు. మిగతావాళ్లకు అంతే సమయం మామూలు నేల మీద సాధన చేయించారు. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఖరీదైన బెల్టు అదనంగా ఒరగబెట్టిందేమీ లేదు. అప్పుడు లెక్కలోకి రావాల్సింది థెరపిస్టు పక్కన నిలబడి చేయించే సాధన. ఎంతసేపు, ఎన్నిసార్లు అన్నదే అసలు ప్రశ్న. 2009లో కేథరిన్ లాంగ్ బృందం పక్షవాతం రోగుల థెరపీ సెషన్లను గమనించింది. పడిపోయిన చేతితో కప్పు అందుకోవడం లాంటి పనులు ఒక సెషన్‌లో సగటున 32 సార్లే చేయిస్తున్నారని తేలింది. జంతువులపై ప్రయోగాల్లో మెదడులో మార్పు తెచ్చిన సాధన వందల్లో ఉంటుంది. అలాగని ఎప్పుడు పడితే అప్పుడు ఎక్కువ చేయిస్తే సరిపోదు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే పదేపదే లేపి నిలబెడితే, కోలుకునే అవకాశం తగ్గిందని 2,104 మందిపై చేసిన ట్రయల్ 2015లో చూపించింది. మందుకు డోసు నిర్ణయించినట్టు సాధనకూ నిర్ణయించాలి. దానికి పెద్ద ట్రయల్స్ కావాలి. వాటికి డబ్బు పెట్టేదెవరు? రెండు చేతులతో, ఓపికతో చేసే పనికి పేటెంట్ రాదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇక్కడే ఉంది. మనిషి మనిషిని చూసుకునే పనిని సమాజం పనిగానే లెక్కపెట్టదు. తిప్పి పడుకోబెట్టే నర్సు, మెదడు గాయం తర్వాత ఊరికే కోపం తెచ్చుకునే భర్త అరుపులు భరించే భార్య, నిద్ర మానుకుని కాపలా కాసే తల్లి. వీళ్ల శ్రమ ఆసుపత్రి బడ్జెట్‌లోనూ సరిగా కనిపించదు, ట్రయల్ నివేదికల్లోనూ అంతే. ఇంటివాళ్లు చేస్తారులే అనుకుంటాం. వాళ్లు చేస్తున్నారు కాబట్టే ఆ ఖర్చు ఎవరికీ కనబడదు.

అందుకే డబ్బిచ్చే సంస్థలు ముందు షరతు పెట్టాలి. ఏ ఫలితాన్ని కొలవాలో నిర్ణయించే బల్ల దగ్గర గాయపడినవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు కూర్చోవాలి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో ట్రయల్స్‌లో మీటర్లలో రాస్తారు. ఆ పక్కనే ఇంటివాళ్లు రాత్రి ఎన్నిసార్లు లేచారో కూడా రాయాలి.