బాగానే ఉన్నాను సార్!

నిద్రలేని మనిషి పొరపాట్లు చేస్తాడని పసిపిల్లల తల్లులందరికీ తెలుసు. సైన్యాలకు మాత్రం రుజువు కావాలి. అందుకు సిమ్యులేటర్, అంటే ఓడనో విమానాన్నో నిజంగా నడుపుతున్నట్టే భ్రమ కలిగించే నకలు యంత్రం, కావాలి. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు.

1940 ప్రాంతంలో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు స్పిట్‌ఫైర్ అనే యుద్ధవిమానం కాక్‌పిట్‌ను గదిలో పెట్టి, పైలట్లను గంటల తరబడి కూర్చోబెట్టారు. అలసట ముదిరేకొద్దీ వాళ్ళు పక్కనున్న ఇంధనం మీటరు సంగతే మర్చిపోయారు. పని పాడవుతున్నా, బాగానే నడుపుతున్నామనుకున్నారు. 2003లో అచ్చయిన మరో ప్రయోగంలో కొందరిని రెండు వారాలపాటు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ళ చురుకుదనం రాత్రంతా మేలుకున్నవాళ్ళ స్థాయికి దిగజారింది. అడిగితే మాత్రం కాస్త మగతగా ఉందన్నారు, అంతే. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. నిద్రలేమి తనను తానే ఎరుగదని వాళ్ళకు తట్టలేదు, బహుశా వేళకు పడుకునేవాళ్ళేమో.

తెల్లవారుజాము నాలుగింటికి సిమ్యులేటర్‌లోకి తొంగిచూడండి. తెరమీద ఎదుటి ఓడ దీపం పెద్దదవుతోంది. కుర్రాడు దాన్నే చూస్తున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం రెండు సెకన్లు ఊళ్ళో లేడు. ఢీ! తెర ఎర్రబడింది. రీసెట్ నొక్కారు. "ఎలా ఉన్నావ్?" "బాగానే ఉన్నాను సార్!"

ఇక్కడొక విశేషముంది. ప్రయోగం కోసం ఒక్క రాత్రి సైనికుణ్ణి మేలుకొలిపి ఉంచాలంటే నైతిక కమిటీ అనుమతి ఇవ్వాలి, అతని సంతకం కావాలి, వద్దనుకుంటే మధ్యలో లేచి వెళ్ళిపోయే హక్కుండాలి. అదే పని నిజం ఓడమీద చేయించాలంటే డ్యూటీ చార్టు చాలు. సముద్రానికి కమిటీ లేదు, రీసెట్ బటనూ లేదు.

2017లో రెండు నెలల తేడాతో అమెరికా యుద్ధనౌకలు ఫిట్జ్‌జెరాల్డ్, జాన్ ఎస్. మెకెయిన్ వేరే ఓడలను ఢీకొన్నాయి. 17 మంది నావికులు పోయారు. విచారణల్లో ఎన్నో తప్పులతోపాటు అలసట పేరూ వచ్చింది. కొందరు నావికులు వారానికి 100 గంటలకు పైగా పనిచేస్తున్నారని ఆడిటర్లు రాశారు. ఆ తర్వాతే, శరీరంలోని గడియారానికి సరిపడేలా కాపలా వేళలు మార్చమని ఆదేశాలొచ్చాయి. అన్నేళ్ళ పరిశోధన ఆదేశంగా మారడానికి ఇంత మూల్యం కావాల్సి వచ్చింది.

లక్ష్మణస్వామి పద్నాలుగేళ్ళు రెప్ప వాల్చలేదని ఉదాహరణ చెప్పే అధికారులుంటారు. ఆయన వాటా నిద్ర ఇంటి దగ్గర ఊర్మిళమ్మ పోయింది. సైన్యంలో ఆ పోస్టు ఇంకా మంజూరు కాలేదు.

కాబట్టి నాదొక సవినయ ప్రతిపాదన. ఈసారి సిమ్యులేటర్‌లో డ్యూటీ చార్టు వేసే పెద్దాయననే కూర్చోబెట్టండి. ముప్పై గంటల మెలకువ తర్వాత ఆయన చేతికి ఖాళీ చార్టు, పెన్సిలు ఇవ్వండి. ఒకే కుర్రాణ్ణి మూడు కాపలాలకు వేశారేమో చూసి, ఎలా ఉన్నారని అడగండి. బాగానే ఉన్నానంటారు. సార్ అనరు, అంతే తేడా.