ఆరు రోజుల నెల

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న మా బావ లెక్కల మనిషి. గుంటలో దించిన మేత పళ్లెం, అదే చెక్‌ట్రే, పైకి తీసి, అందులో మిగిలిన మేత చూసి తర్వాతి పూట మేత తేల్చేస్తాడు. ధాన్యం పుట్టికి 850 కిలోల మీద దళారి ఒక్క కిలో ఎక్కువ తూచినా ఆ రాత్రి నిద్రపోడు. అలాంటివాడు నాలుగు కెమెరాలు పెట్టించి, డిస్కు ఎంత కావాలో మాత్రం బిగించడానికొచ్చిన కుర్రాడినే అడిగాడు.

"ఒక టీబీ వేశానన్నా. నెల రోజులు ఢోకా లేదు."

ఆ నెల ఏ పంచాంగంలోదో! ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 8తో భాగిస్తే అర మెగాబైటు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి కెమెరాకు 43.2 జీబీ, నాలుగింటికీ దాదాపు 173. టీబీ అంటే వెయ్యి జీబీలు, ఆ డిస్కు నిండా ఆరు రోజులు రాదు. పైగా అదే డిస్కు విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే 931 అంటుంది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తే కంప్యూటర్ 1,024తో తూస్తుంది మరి. ధాన్యానికి తరుగు తీస్తే రోడ్డెక్కే మనం ఈ తరుగుకు బిల్లు కట్టి ఇంటికి తెచ్చుకుంటాం. డిస్కు నిండితే డీవీఆర్, అంటే కెమెరాల రికార్డింగు పెట్టె, ఎవర్నీ అడగదు. పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది.

కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెడతానన్నాడు కుర్రాడు. గోడౌన్‌కైతే బ్రహ్మాండం. ఏరియేటర్లు రాత్రంతా నీళ్లు చిమ్మే చోట కదలనిదేముంది, కాపలా మనిషి తప్ప? చీకట్లో కెమెరా వెలుగుకు పురుగులు, పురుగుల కోసం సాలీడు. ఆ సాలీడు కాపురం మొత్తం హెచ్‌డీలో భద్రంగా ఉంది.

షెడ్డులో స్పేర్ మోటారు అవసరమొచ్చి వెతికితే లేదు. బావ దాన్ని చివరిసారి చూసి తొమ్మిది రోజులైంది. ఫుటేజీ తిప్పాం. మోటారు ఉండాల్సిన చోటు, మోటారు లేకుండా, కింద నూనె మరకతో సహా, దాదాపు ఆరు రోజుల పాటు స్పష్టంగా కనిపించింది. ఇంత నాణ్యమైన ఖాళీని నేనెక్కడా చూడలేదు.

"నెలకు 5.2 టీబీ కావాలి బావా. 6 టీబీ డిస్కు కొను. లేదంటే వీడియోను ఇంకా కుదించే హెచ్.265 పెట్టించు, దాదాపు సగంతో సరిపోతుంది" అన్నాను. శ్రద్ధగా విన్నాడు. మర్నాడే ఐదో కెమెరా పెట్టించాడు.

డిస్కు పాతదే. దొంగ ఇకమీదట ఆరు రోజులు ఆగక్కర్లేదు, ఐదు చాలు.