ఆకుకు శిక్షణ, ముల్లుకు సెలవు

లైంగిక హింసను అరికట్టడానికి సమాజం ఏమీ చేయడం లేదని అనేవాళ్ళు ఒక్కసారి మా కమిటీ ఫైలు ఎత్తి చూడాలి. చదవనక్కర్లేదు, ఎత్తితే చాలు. రెండు చేతులూ చాలవు. కార్యదర్శిగా దాన్ని మోసేది నేనే కాబట్టి అనుభవం మీద చెబుతున్నాను.

మా విధానానికి పునాది కొత్తదేమీ కాదు, అందరి నోళ్ళలో నానిన సామెతే. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. మొదటి సమావేశంలోనే దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించాం. చిరిగేది ఆకే కాబట్టి జాగ్రత్త ఆకుదే. జాగ్రత్త ఆకుదే కాబట్టి, చిరిగితే అజాగ్రత్త కూడా ఆకుదే. లెక్క ఎక్కడా తప్పలేదు. మా అందరిలోకీ చిన్నదైన ఒక సభ్యురాలు మాత్రం చెయ్యెత్తి, "సామెతలో ముల్లు ఏం చేయాలో ఎక్కడా లేదేంటండీ?" అని అడిగింది. లేని మాట నిజమే. లేదంటే పెద్దలు ఏదో ఆలోచించే వదిలేసి ఉంటారని అధ్యక్షులవారు సర్దిచెప్పారు.

ఆ వెంటనే ఆకులకు సూచనల పుస్తకం వేశాం. ఒంటరిగా వెళ్ళకూడదు. తోడుతో వెళ్ళకూడదు, ఆ తోడు ఎవరో ఏమిటో. చీకటి పడితే బయట ఉండకూడదు. పగలే కదా అని ధీమాగా ఉండకూడదు. ప్రమాదం వస్తే గట్టిగా అరవాలి. మామూలప్పుడు గొంతు పైకి వినబడకూడదు. ఎదిరించాలి, కానీ రెచ్చగొట్టకూడదు. నవ్వితే చనువిచ్చినట్టు, నవ్వకపోతే పొగరు, కాబట్టి మధ్యస్థంగా నవ్వాలి (బొమ్మ జతపరచబడింది). ఏదైనా జరిగితే వెంటనే చెప్పాలి. చెప్పేముందు పరువు గురించి ఆలోచించాలి. ఆలోచించడానికి టైమ్ తీసుకుంటే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మేం అడుగుతాం. ఇలా 42 పేజీలు. చివర్లో ముళ్ళకు కూడా ఒక పేజీ కేటాయించాం, పక్షపాతం అనకుండా. దాని మీద "ఈ పేజీ కావాలనే ఖాళీగా వదిలేయడమైనది" అని అచ్చు వేయించాం.

బట్టల అధ్యాయం రాస్తున్నప్పుడు మాకు అంతర్జాతీయ మద్దతు కూడా దొరికింది. 1999లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఒక అత్యాచారం కేసులో శిక్షను కొట్టేసింది. బాధితురాలు వేసుకున్నది బిగుతు జీన్స్, అది ఆమె సహకారం లేకుండా తీయడం కుదరదు అన్నది కారణాల్లో ఒకటి. చట్టంతో పాటు టైలరింగ్ కూడా తెలిసిన న్యాయమూర్తులు! ఆ తీర్పుకు నిరసనగా అక్కడి మహిళా ఎంపీలు జీన్స్ వేసుకుని పార్లమెంటుకు వచ్చారు. అమెరికాలో అయితే ఏటా ఏప్రిల్‌లో జీన్స్ వేసుకుని నిరసన తెలిపే రోజే ఒకటి పుట్టుకొచ్చింది. 2008కి వచ్చేసరికి ఆ కోర్టే ఆ వాదనను పక్కన పెట్టేసింది. మేం పెట్టలేదు. కాకపోతే ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. బిగుతుగా ఉంటే రెచ్చగొట్టినట్టు అని మా పుస్తకం. బిగుతుగా ఉంటే ఒప్పుకున్నట్టు అని వాళ్ళ తీర్పు. మరి వదులుగా ఉంటే? ఏ కొలతకు కుట్టించుకుంటే నేరం జరగదో తేల్చడానికి ఉపసంఘం వేశాం. ఇంకా కొలుస్తోంది.

తర్వాత దీపాలు. వీధి చివర చీకటి ఉంటే అక్కడ దీపం, మలుపు ఉంటే అక్కడ కెమెరా, గేటు ఉంటే దానికో తాళం. దీపాలు వద్దని ఎవరంటారు, చీకట్లో నడవాలంటే ఎవరికైనా టెన్షనే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక అంచనా ప్రకటించి మా ఉత్సాహం మీద నీళ్ళు చల్లింది. ప్రపంచంలో 15 ఏళ్ళు, అంతకు పైబడిన ఆడవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసో లైంగిక హింసో ఎదుర్కొన్నారట. అందులో ఎక్కువ భాగం భర్తో సన్నిహిత భాగస్వామో చేసిందేనట. అంటే మేం పొదలో దాక్కున్న అపరిచితుడి కోసం దీపం పట్టుకుని వెతుకుతుంటే, అవతలివాడు తలుపు తాళంచెవి తన జేబులోనే పెట్టుకుని, మా దీపం వెలుగులో దారి చూసుకుంటూ, మాకు నమస్కారం పెట్టి ఇంట్లోకి వెళ్తున్నాడన్నమాట. ఆ అపరిచితుడి మీద మాకు ఎంత నమ్మకం ఉండేదో! దాన్ని ఇప్పుడేం చేసుకోవాలి?

మా సమాజం చూపు గురించి కూడా ఇక్కడ నమోదు చేయాలి. మా కమిటీలో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఏ అమ్మాయి ఎన్నింటికి వచ్చింది, ఎవరి బండి దిగింది, ఆ బండి నడిపినవాడి హెల్మెట్ మీద గీత ఎడమవైపు ఉందా కుడివైపా, అన్నీ చెప్పగలరు. అడక్కుండానే చెప్తారు. అదే పెద్దమనిషి, ఓ రోజు తన మిత్రుడు కొత్తగా చేరిన అమ్మాయికి కంప్యూటర్‌లో ఏదో చూపిస్తూ ఆమె కుర్చీ వెనక నిలబడ్డప్పుడు, పక్క టేబుల్ దగ్గరే ఉన్నారు. మిత్రుడి చెయ్యి భుజం మీద పడింది. ఆ అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. చెయ్యీ జరిగింది. ఆమె లేచి, అవసరం లేని కాగితమేదో తీసుకుని ప్రింటర్ దగ్గరికి వెళ్ళి, ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నా అక్కడే నిలబడింది. ఇంత జరుగుతుంటే మా పెద్దమనిషి గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు. తర్వాత అడిగితే తనకు చూపు ఆనదన్నారు. హెల్మెట్ గీత కనబడ్డ కళ్ళే అవి.

దీనికి కూడా శాస్త్రం ఉంది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లతానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల్ని ఒక్కొక్కరినీ విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, ఇంటర్‌కమ్‌లో ఇతరులతో మాట్లాడుతున్నట్టు నమ్మించారు. మధ్యలో అవతలి గొంతొకటి మూర్ఛ వచ్చినట్టు తడబడి సాయం అడిగింది. వింటున్నది తామొక్కరమే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే లేచి వెళ్ళారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో లేచింది 31 శాతమే. నలుగురు అన్న అంకె గమనించారా? జీవితమంతా మనం ఎవరికి భయపడి బతుకుతామో వాళ్ళే! ఏదైనా చేయబోతే నలుగురూ ఏమనుకుంటారో అని ఆగుతాం. ఎదురుగా ఏదైనా జరుగుతుంటే నలుగురూ ఉన్నారు కదా, వాళ్ళు చూసుకుంటార్లే అని ఆగుతాం. మొత్తానికి ఆ నలుగురూ లేకపోతే ఇద్దరికి సాయం అందేదేమో.

ఈ ప్రయోగాన్ని మేం చాలాకాలం సాకుగా వాడుకున్నాం. మనిషి స్వభావమే అంత, మనమేం చేస్తాం అని. అది కూడా పోయింది. ఈమధ్య పరిశోధకులు ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ వీధి కెమెరాల్లో నమోదైన 219 గొడవలు కూర్చుని చూశారు. పదింట తొమ్మిది గొడవల్లో చుట్టూ ఉన్నవాళ్ళు కనీసం ఒకరైనా కల్పించుకున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కొట్టుకుంటుంటే అడ్డం పడే మనుషులు ఇంతమంది ఉన్నారు. అంటే మాకు చేతకానిది అడ్డం పడటం కాదు. తెలిసినవాడికి అడ్డం పడటం.

అవగాహన దినం విషయానికొస్తే, ఏటా ఒక పూట జరుపుతాం. బ్యానరు, ఉపన్యాసం, ప్రతిజ్ఞ, ఫోటో. ఫోటోలో అందరూ పడ్డారో లేదో చూసుకున్నాకే సభ ముగుస్తుంది. 2014లో అమెరికా పరిశోధకులు లైంగిక హింస నివారణ కార్యక్రమాల మీద వచ్చిన 140 మూల్యాంకనాలు తిరగేసి, ఇలాంటి ఒక్కపూట ఉపన్యాసాలతో ఎవరి ప్రవర్తనా మారినట్టు ఆధారం లేదని తేల్చారు. మాకు వర్తించదు. మాది ఒక్క పూట కూడా కాదు, భోజనాల లోపే అయిపోతుంది.

మరి ఏది పనిచేస్తుందట? ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది, ఎందుకంటే అందులో ఆకులు చేయాల్సింది పెద్దగా లేదు.

ఉగాండా రాజధాని కంపాలాలో 'సాసా' అని ఒక కార్యక్రమం నడిపారు. స్వాహిలీలో ఆ మాటకు 'ఇప్పుడు' అని అర్థం. ఆ పేరే మాకు నచ్చలేదు, మా ఫైల్లో ఎక్కడ చూసినా 'తగు సమయంలో' అని ఉంటుంది. అక్కడ బయటి నుంచి ఉపన్యాసకుల్ని తేలేదు. ఆ చుట్టుపక్కల ఉండే మామూలు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ శిక్షణ ఇచ్చి, వాళ్ళ ఇరుగుపొరుగుతోనే మాట్లాడించారు. హింస తప్పు అని మొదలుపెట్టకుండా, అధికారం గురించి అడిగారు. నీ చేతిలో ఎంత అధికారం ఉంది, దాన్ని ఎవరి మీద వాడుతున్నావు, ఎవరితో పంచుకుంటున్నావు అని. ఏళ్ళ తరబడి, మళ్ళీ మళ్ళీ, అదే మాట. ఎనిమిది చోట్ల పోల్చి చూసి 2014లో ఫలితాలు ప్రకటించారు. కార్యక్రమం నడిచిన చోట్ల, అంతకుముందు ఏడాదిలో భాగస్వామి చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ సంఖ్య, నడవని చోట్లతో పోలిస్తే సుమారు సగమే ఉంది. మా కమిటీలో దీన్ని చదివి వినిపించాను. "అంటే మనం ఇంటింటికీ వెళ్ళి మగవాళ్ళతో మాట్లాడాలా?" అన్నారు ఒకరు. "ముందు మన ఇంట్లో మొదలుపెట్టాలేమో" అన్నారు ఇంకొకరు. అంశం వాయిదా పడింది.

కాలిఫోర్నియాలో 16 హైస్కూళ్ళలో ఇంకా వింత. క్రీడా కోచ్‌లు వారానికి పావుగంట చొప్పున తమ జట్టు కుర్రాళ్ళతో ఆడపిల్లలతో ఎలా మెలగాలో మాట్లాడారంతే. ఏడాది తర్వాత చూస్తే, మాట్లాడని స్కూళ్ళ కుర్రాళ్ళకన్నా వీళ్ళు తమ గర్ల్‌ఫ్రెండ్స్‌ని వేధించడం తక్కువ. వారానికి పావుగంట! మా సమావేశాల్లో కోరం కోసం ఎదురుచూడటానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

వేధింపు కళ్ళబడితే పక్కనున్నవాళ్ళు ఏం చేయాలో నేర్పే శిక్షణలో మూడు దారులు చెబుతారు. నేరుగా అడ్డుపడటం, దృష్టి మళ్ళించడం, మన వల్ల కాకపోతే ఇంకొకర్ని పిలవడం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 26 హైస్కూళ్ళలో ఇలాంటిదే ప్రయత్నిస్తే, శిక్షణ సాగిన స్కూళ్ళలో లైంగిక హింస తగ్గింది. రెండో దారి మీద మా అధ్యక్షులవారికి తీవ్ర అభ్యంతరం ఉంది. ఇద్దరి మధ్యకి వెళ్ళి టైమెంతయింది అని అడగడం, "నీ కోసం ఎవరో వెతుకుతున్నారు, రా" అని ఆ అమ్మాయిని పిలవడం, ఇదంతా ఒకరకమైన మోసమని ఆయన అభిప్రాయం. పోనీ నేరుగా అడుగుదామా అంటే, అది మర్యాద కాదంటారు.

ఆ నేరుగా అడగడం ఎలా ఉంటుందో మేం కళ్ళారా చూశాం కూడా. పోయిన సమావేశంలో మా కోశాధికారి అలవాటుగా ఒక జోకు వేశారు. ఎలాంటి జోకో మీకు తెలుసు. అందరం నవ్వాం. నాకు నవ్వు రాలేదు కానీ నవ్వాను, నలుగురితో పాటు. అందాకా మాట్లాడని ఆ చిన్న సభ్యురాలు పెన్ను పక్కన పెట్టి, ఎంతో వినయంగా, "నాకు అర్థం కాలేదండీ. అందులో నవ్వు ఎక్కడొస్తుందో కొంచెం వివరిస్తారా?" అంది. ఆయన వివరించబోయారు. మొదటి వాక్యం దాటారు. రెండో వాక్యం సగంలో ఆగి, గ్లాసులో నీళ్ళు తాగారు. అందరూ ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఫ్యాను చప్పుడు వినబడింది. మినిట్స్‌లో "జోకు, అసంపూర్ణం" అని రాసుకున్నాను.

ఆ అమ్మాయే మ్యాపు సంగతి తెచ్చింది. న్యూయార్క్ మాధ్యమిక పాఠశాలల్లో పిల్లలకు బడి పటం ఇచ్చి, ఎక్కడ భయం వేస్తుందో గుర్తు పెట్టమన్నారట. పిల్లలు గుర్తుపెట్టిన చోట్ల ఉపాధ్యాయుల నిఘా పెంచారట. విచిత్రమేమిటంటే, ఒట్టి క్లాసు పాఠాలు చెప్పి ఊరుకున్న చోట పెద్దగా ఫలితం లేదు, ఇలా బడి మొత్తాన్నీ కదిపిన చోట వేధింపులు తగ్గాయి. ఖర్చు లేని పని కాబట్టి వెంటనే ఒప్పుకున్నాం. మా పరిధి మొత్తం పటం గీయించి, ఆడవాళ్ళందరికీ ఎర్ర పెన్ను ఇచ్చి, పేర్లు రాయనక్కర్లేదన్నాం. చుక్కలన్నీ వీధి చివరి చీకటి మలుపులోనే పడతాయని మా అంచనా. అక్కడ పెట్టడానికి కొత్త దీపం కూడా ముందే ఆర్డరిచ్చాం.

పటాలు వెనక్కి వచ్చాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించి చూశాం. చీకటి మలుపులో మూడు నాలుగు చుక్కలున్నాయి. మిగతావన్నీ ఒకేచోట, ఎర్ర సిరా ఒలికినట్టు, మా కమిటీ ఆఫీసు ముందున్న బెంచీ చుట్టూ. రోజూ సాయంత్రం మా సభ్యులు కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసే బెంచీ అది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, ఆర్డరిచ్చిన కొత్త దీపాన్ని ఆ బెంచీ దగ్గరే పెట్టాలని ప్రతిపాదించారు. కోశాధికారి బలపరిచారు. తీర్మానం రాస్తూ కిటికీలోంచి బయటికి చూశాను. బెంచీ మీద దీపం అప్పటికే వెలుగుతోంది.