బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్‌ను నమ్ముకుంటే దెబ్బే

హన్మకొండలో ఏ కార్ల షోరూమ్‌కు పోయినా ఇప్పుడు కొనేవాళ్లు ముందు అడిగేది 'ఎన్ని ఎయిర్‌బ్యాగులు' అనే. అడగాల్సిందే. కానీ అదే కారులో మేడారానికో వేములవాడకో బయల్దేరినప్పుడు చూడండి, ముందు సీట్లో అమ్మ ఒడిలో చంటిపిల్ల ఉంటుంది, ఎదురుగా ఎస్‌ఆర్‌ఎస్ అని రాసి ఉన్న ఎయిర్‌బ్యాగ్ మూత మీదనే దేవుడి బొమ్మ అతికించి ఉంటుంది.

ఆ మూత వెనక ఏముందో తెలిస్తే ఈ పని ఎవరూ చేయరు. కారు గుద్దుకోగానే వేగం ఒక్కసారిగా పడిపోయిందని సెన్సార్లు పసిగడతాయి, కంట్రోల్ యూనిట్ కరెంటు పంపుతుంది, ఇన్‌ఫ్లేటర్‌లోని రసాయనం భగ్గున మండి గ్యాస్ పుడుతుంది, మడతపెట్టిన సంచి ఆ మూతను చీల్చుకుని గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో బయటికొస్తుంది. ఇదంతా కన్ను ఆర్పేలోపే అయిపోతుంది. నిండిన వెంటనే వెనకవైపు రంధ్రాల్లోంచి గ్యాస్ వదులుతూ సంచి మెత్తబడుతుంది, మన తల దాన్ని తాకాల్సింది సరిగ్గా అప్పుడే.

అంతవరకు మనిషిని వెనక్కి పట్టి ఉంచేది బెల్టే. బెల్టు పెట్టుకోకపోతే బ్యాగ్ తెరుచుకోదని చాలామంది అంటారు, చాలా కార్లలో తెరుచుకుంటుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. బ్రేకు కొట్టగానే మనిషి ముందుకు జారి మొహం మూత దగ్గరికి చేరేసరికి సంచి ఇంకా విచ్చుకుంటూ ఉంటుంది, ఆ దెబ్బ నేరుగా మెడకు, ఛాతీకి తగులుతుంది. ఒడిలో బిడ్డ ఉంటే బ్యాగుకూ తల్లికీ మధ్య ఉండేది ఆ బిడ్డే. గట్టిగా పట్టుకుంటాలే అనుకోవద్దు, ఆ వేగంలో ఏ చేతులూ ఆగవు. పిల్లలు పన్నెండేళ్లు దాటేదాకా వెనక సీట్లోనే కూర్చోవాలి, చంటిపిల్లలకు చైల్డ్ సీటు కావాలి. వెనక్కి తిప్పి బిగించే చైల్డ్ సీటును బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలోనే ఉంది, అయినా పట్టించుకునేవాళ్లు తక్కువ.

నాకు బాగా కోపం తెప్పించేది బెల్టు అలారం మోగకుండా పెట్టే క్లిప్పు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వీటిని తీసేయమని అయిదు ఆన్‌లైన్ అమ్మకం సంస్థలను ఆదేశించింది. ప్రాణం కాపాడే మోతను డబ్బులిచ్చి ఆపుకోవడం ఏం తెలివి?

డ్రైవర్ ఛాతీకీ స్టీరింగ్‌కూ మధ్య 25 సెంటీమీటర్లు, అంటే జానెడుకు మించి ఖాళీ ఉండాలి. సీటు పక్కన బ్యాగ్ ఉన్న కారైతే దాన్ని మూసేసే సీటు కవర్లు వేయించొద్దు. డ్యాష్‌బోర్డు మీది బొమ్మ బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఎగిరి మొహానికి తగులుతుంది, దాన్ని మూతకు దూరంగా పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంకొకటి చూడాలి. డ్రైవర్ వైపు బ్యాగ్ 2019 జూలై నుంచి తప్పనిసరి, పక్క సీటుకు అన్ని మోడళ్లలో తప్పనిసరి అయింది 2021 చివర్లోనే, కాబట్టి అంతకుముందు కార్లలో అది లేకపోవచ్చు. ఒకసారి తెరుచుకున్న బ్యాగ్ మళ్లీ పనికిరాదు, కొత్తది వేయాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా బేరం ఆపి ముందు మెకానిక్‌కు చూపించండి.